ఆత్మకూరు ఎండలో శ్రుతి

సాఫ్టువేరు మిత్రులకి ఈ సంగతి ఎప్పుడు చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఫోన్లో యాప్ ఉంది కదరా, మళ్ళీ ఈ సోల్డరింగు గోల ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఇవాళ సింథసైజరు అంటే ల్యాప్‌టాపులో ఒక ప్లగిన్. పైసా పెట్టకుండా దొరికేవి కూడా బ్రహ్మాండంగా మోగుతాయి. అలాంటప్పుడు సగం డిజిటల్, సగం అనలాగ్‌గా ఉండే మాడ్యూలు ఒకటి ఇంట్లో కూచుని డిజైను చెయ్యడంలో అర్థం ఉందా అంటే, ఉందనే నా వాదన. కాకపోతే అందరూ చెప్పే కారణాలకి కాదు.

"అనలాగ్ వెచ్చదనం" అనే మతంలో నేను లేను. మంచి డిజిటల్ ఫిల్టరునీ, అనలాగ్ ఫిల్టరునీ తెర వెనక పెట్టి వినిపిస్తే నాకు తేడా తెలియకపోవచ్చు, మీకూ తెలియకపోవచ్చు. వెచ్చదనం మాటకొస్తే మా ఊళ్ళో దానికి కొదవలేదు, కావాలంటే పార్సిల్ చేస్తాను :)

అసలు ప్రశ్న ఆ సగానికీ ఈ సగానికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలి అన్నది. చాలామంది దీన్ని అభిరుచికి వదిలేస్తారు. నాకేమో ఆ గీత ఎండే గీసి ఇచ్చింది.

ఆత్మకూరు అంటే నెల్లూరు జిల్లాలో ఉన్నది కాదు. నంద్యాల నుంచి వెలుగోడు మీదుగా వస్తే తగిలేది, నల్లమల అంచున ఉన్నది. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. ఇక్కడ మే నెలలో తెల్లవారుజామున ఇరవై ఎనిమిది డిగ్రీలు ఉన్నరోజున మధ్యాహ్నానికి నలభై మూడు అవడం వింతేమీ కాదు. పదిహేను డిగ్రీల తేడా. మనిషి ఏదో తట్టుకుంటాడు. ట్రాన్సిస్టరు తట్టుకోదు.

ఎందుకు తట్టుకోదో రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు సింథసైజరులో మూడు భాగాలుంటాయి. స్వరం పుట్టించే ఆసిలేటరు, దాని రంగు మార్చే ఫిల్టరు, ఎంత గట్టిగా వినపడాలో చూసే యాంప్లిఫయరు. పూర్తి అనలాగ్ డిజైనులో ఒక ఓల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్ళాలి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలి. ఓల్టేజీ కూడికలో పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ హెచ్చవేతలో పెరుగుతుంది. ఈ మార్పిడి చేసేది ట్రాన్సిస్టరు తాలూకు ఎక్స్‌పొనెన్షియల్ స్వభావం. ఆ సూత్రంలో ఉష్ణోగ్రత నేరుగా కూచుని ఉంటుంది, కెల్విన్లలో. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు మూడింట ఒక శాతం తేడా. పదిహేను డిగ్రీలకి ఐదు శాతం. ఏ సవరింపూ లేకపోతే పొద్దున్న సరిగ్గా పలికిన పై షడ్జం మధ్యాహ్నానికి దాదాపు 57 సెంట్లు కిందకి జారిపోతుంది. పన్నెండు స్వరస్థానాల్లో పక్కపక్క వాటి మధ్య దూరం 100 సెంట్లు. అంటే సగం దారి పైగా పోయినట్టే. అంత అపశ్రుతి వినడానికి సంగీతం తెలియక్కర్లేదు.

దీనికి మందు లేదని కాదు. ఒకే చిప్‌లో ఉన్న జంట ట్రాన్సిస్టర్లు వాడి, ఉష్ణోగ్రతతో పాటు మారే ప్రత్యేకమైన రెసిస్టరు ఒకటి వాటికి ఆనించి పెట్టి, గంటలకొద్దీ ట్రిమ్ చేసుకుంటారు. ఆ రెసిస్టరు కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే కొట్టువాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు.

అదే మైక్రోకంట్రోలరు పక్కనున్న క్రిస్టల్ సంగతి చూడండి. తప్పితే ముప్పై నలభై పీపీఎం తప్పుతుంది. ఒక సెంటు అంటే 578 పీపీఎం. అంటే ఆ తప్పు సెంటులో పదోవంతు కూడా ఉండదు, ఏ చెవికీ అందదు. కాబట్టి స్వరం పుట్టించే పని డిజిటల్‌కి ఇచ్చెయ్యాలి. ఇక్కడ సెంటిమెంటు పనికిరాదు. ఫిల్టరు అలా కాదు. దాని కటాఫ్ నాలుగైదు శాతం అటూ ఇటూ అయితే గొంతు కాస్త మందంగానో కాస్త పదునుగానో ఉంటుంది తప్ప శ్రుతి తప్పదు. ఎండకి ఓర్చుకోగలిగిన భాగం అనలాగ్‌లో ఉండొచ్చు, ఓర్చుకోలేనిది డిజిటల్‌లో ఉండాలి. నా డిజైనులో గీత ఇదే.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 1982లో రోలాండ్ వాళ్ళు జూనో-6 తెచ్చినప్పుడు ఇదే చేశారు. ఆసిలేటరు తరంగం అనలాగే, కానీ దాని కాలాన్ని లెక్కపెట్టేది డిజిటల్ కౌంటరు. స్టేజీ మీద లైట్ల వేడికి శ్రుతి జారే పాత సింథులతో విసిగిపోయిన వాళ్ళకి అది పెద్ద ఊరట. ఇంట్లో చేసుకునే వాళ్ళకి ఇంకా దగ్గరి ఉదాహరణ పారిస్‌లో ఎమిలీ జిలే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్. అక్కణ్ణించి 2010 ప్రాంతంలో కిట్‌గా వచ్చిన హైబ్రిడ్ సింథ్ పేరు ఏమిటో తెలుసా? శ్రుతి-1. మన మాటే! ఎనిమిది బిట్ల ఏవీఆర్ మైక్రోకంట్రోలరులో ఆసిలేటర్లు, విడి బోర్డు మీద అనలాగ్ ఫిల్టరు. ఫిల్టరు నచ్చకపోతే ఆ బోర్డు తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. సర్క్యూట్లూ, కోడూ రెండూ బయటపెట్టారు. ఆ సంస్థ 2022లో మూతపడింది, డిజైన్లు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు చేసుకుంటూనే ఉన్నారు. మన మాట పేరుగా పెట్టుకున్న పెట్టె ప్రపంచమంతా తిరిగింది, మన దగ్గర ఎంతమంది ఇంజినీర్లకి దాని సంగతి తెలుసంటారు?

మన దేశంలో ఇలాంటి పనులు జరగలేదనుకోకండి. 1969లోనే అహ్మదాబాదు ఎన్ఐడీలో డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజరు పెట్టించాడు. అక్కడ మనవాళ్ళు చేసిన టేపులు అర్ధశతాబ్దం మరుగున పడి ఉండి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. 1979లో బెంగుళూరులో వేణువు వాయించే ఇంజినీరు జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబూరా చేశాడు. ఆయన కంపెనీ రేడెల్ పెట్టెలు చూడని కచేరీ స్టేజీ ఉండదు. 1982లో బొంబాయి సినిమా వాయిద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ యంత్రాల మీద పది రాగాలు డిస్కో తాళంలో వాయించి పడేశాడు. అప్పట్లో ఎవరికీ పట్టలేదు. ఈ ముగ్గురిలో నా ఓటు రాజ్‌నారాయణ్‌కే. మిగతావాళ్ళు వేరేవాళ్ళ యంత్రం తెచ్చి వాయించారు. ఈయన తనకి కావలసిన యంత్రం తనే చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు గొడవలోకి వస్తాను. శ్రుతి తప్పకుండా ఉండటం ఒక ఎత్తు. ఏ శ్రుతి అన్నది ఇంకో ఎత్తు.

మనం కొనే ప్రతి కీబోర్డూ ఒక స్థాయిని పన్నెండు సమాన ముక్కలు చేసి ఇస్తుంది. అంతర గాంధారం అందులో 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబూరా మీటితే దానంతట అది వినపడే గాంధారం నిష్పత్తి ఐదుకి నాలుగు, అంటే 386 సెంట్లు. తేడా 14 సెంట్లు. "పద్నాలుగే కదా" అంటారు మనవాళ్ళు. లెక్క వేద్దాం. ఐదున్నర శ్రుతిలో షడ్జం 207.65 హెర్ట్జ్ అనుకోండి. దాని ఐదో హార్మోనిక్ 1038.25. కీబోర్డు గాంధారం 261.63, దాని నాలుగో హార్మోనిక్ 1046.5. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకి ఎనిమిది సార్లు గొంతు వణికినట్టు వినపడుతుంది. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి విస్పందనాలు అనే మాట గుర్తుండే ఉంటుంది, అవే ఇవి. సినిమా పాటలో డ్రమ్ముల మధ్య ఇది పోతుంది. కానీ భజనలో ఒకే షడ్జం గంటలు గంటలు మోగుతూ ఉంటుంది. అక్కడ దాక్కోడానికి చోటు లేదు.

మా ఊళ్ళో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరికి మొదటి బోర్డు వినిపించాను. పైథాను స్క్రిప్టూ గట్రా ఆయనకి అక్కర్లేదు కదా. రెండు నిమిషాలు విని, "ఏమప్పా, ఈ గాంధారం రోంత పైన పలుకుతాంది, దించేకి కాదా?" అన్నారు. 14 సెంట్లు, చెవితో.

అయితే 386 దగ్గర పెట్టేస్తే అయిపోయిందా? అక్కడే నాకూ, "ఇరవై రెండు శ్రుతులు" అని పెట్టె మీద అచ్చేసి అమ్మేవాళ్ళకీ పడదు. ఇరవై రెండు నిష్పత్తులు ఒక అర్రేలో పెట్టి, రాగం పేరు నొక్కితే స్కేలు మారిపోయేలా చెయ్యడం మనలాంటి వాళ్ళకి అరపూట పని. చూడ్డానికి శాస్త్రీయంగానూ ఉంటుంది. కానీ పాడేవాడి గాంధారం రాగాన్ని బట్టి, ముందు వెనక ఉన్న స్వరాన్ని బట్టి, పాడేవాడి బాణీని బట్టి కదులుతుంది. చాలాచోట్ల అది ఒక చుక్క కాదు, ఒక ఊపు. కాలిఫోర్నియా వాడి పన్నెండు అంకెల బదులు నా ఇరవై రెండు అంకెలు రుద్దితే పెద్దాయనకి ఒరిగేదేముంది? ఇద్దరం ఆయన్ని అడక్కుండానే నిర్ణయించాం.

అందుకని నా మాడ్యూలులో టేబులు లేదు. పన్నెండు స్వరస్థానాలకీ పన్నెండు తిప్పుడు బిరడాలు ఉన్నాయి, ఒక్కోటీ అటు యాభై, ఇటు యాభై సెంట్లు. మధ్యలో పెడితే మామూలు కీబోర్డు. వాయించేవాడు తంబూరా వింటూ తిప్పుకుంటాడు. మెనూ లేదు, స్క్రీను లేదు. కొన్ని కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ ఉంటుందని నాకూ తెలుసు. ఆరు మెనూల కింద, ఇంగ్లీషులో, కరెంటు పోతే మర్చిపోయేలా ఉంటుంది. ఉండీ లేనట్టే.

అమలు చెయ్యడం తేలిక. మైక్రోకంట్రోలరు రాస్ప్‌బెర్రీ పై పికో, 2021లో నాలుగు డాలర్లకి వచ్చింది కదా, అదే. పన్నెండు బిరడాల ఓల్టేజీ రెండు సీడీ4051 మల్టిప్లెక్సర్ల ద్వారా ఒకే ఏడీసీకి వెళ్తుంది. పికో ఏడీసీ పేరుకి 12 బిట్లు గానీ కొన్ని అంకెల దగ్గర ఎగుడుదిగుడుగా ఉంటుందన్నది తెలిసిన విషయమే. మనకి వంద సెంట్లలో ఒక సెంటు తెలిస్తే చాలు, ఏడు బిట్లు. కాబట్టి ఆ లోపం మనల్ని ముట్టదు. విలువ కాస్త ఊగితే పట్టించుకోకుండా, నిజంగా తిప్పినప్పుడే మార్చేలా చిన్న హిస్టరిసిస్ పెట్టాలి, లేకపోతే షడ్జం సన్నగా వణుకుతుంది. ఆసిలేటరు 32 బిట్ల ఫేజ్ అక్యుములేటరు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర దాని మెట్టు హెర్ట్జ్‌లో లక్షవంతు. రంపపు పళ్ళ తరంగాన్ని ఉన్నదున్నట్టు గీస్తే పై స్వరాల్లో ఏలియాసింగ్ వచ్చి ఈలలు వినపడతాయి, అంచు దగ్గర పాలీబ్లెప్ సవరణ చేస్తే తగ్గుతుంది. ఈ భాగం మీద ఇంతకన్నా చెప్పను, కోడు రాసేవాళ్ళకి కోడు గురించి చెప్పడం ఎందుకు.

"మరి స్వరం అంతా డిజిటల్ అయిపోయాక ఫిల్టరు మాత్రం అనలాగ్ ఎందుకు? దాన్నీ అదే పికోలో పడెయ్యొచ్చుగా?" పడెయ్యొచ్చు. ఖర్చు కూడా తగ్గుతుంది. నేను పెట్టకపోవడానికి కారణం శబ్దం కాదు, రిపేరు.

హార్మోనియం కథ చూడండి. ఆకాశవాణి 1940లో దాన్ని బహిష్కరించింది. గమకం పలకదు, స్వరాలు బిగుసుకుపోయి ఉంటాయి అన్నది అభ్యంతరం. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కానీ అదే కాలంలో మన పద్యనాటకం దాని మీదే బతికింది. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్ళ దగ్గర్నించి ప్రతి ఊరి భజన గుడి దాకా హార్మోనియం చేరింది. ఎందుకు చేరింది? గట్టిగా మోగుతుంది, మోసుకుపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పాడైతే బాగుచేసుకోవచ్చు. పెట్టె విప్పితే రీడ్లు కంటికి కనపడతాయి. కొస దగ్గర సన్నగా గీకితే స్వరం పైకి, మొదలు దగ్గర గీకితే కిందకి. ఢిల్లీలో ఏ నిషేధం ఉంటే ఏం, ఊళ్ళో ఆకురాయి ఉంది.

ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెకి ఆ భాగ్యం లేదు. చిప్ పోతే పెట్టె మొత్తం అటక మీదకి. ఫోన్ యాప్ సంగతి ఇంకా అన్యాయం, రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు మారేసరికి అదే మాయమవుతుంది. అది ఎలా మాయమవుతుందో మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ పని చేసేది మనమే కాబట్టి.

అందుకే ఫిల్టరు ఎల్ఎం13700తో, పదహారు కాళ్ళ పాత డిప్ ప్యాకేజీలో, సాకెట్టులో. ఒక చిప్‌లో రెండు ఓటీఏలు, రెండు ఇంటిగ్రేటర్లు, కలిపితే స్టేట్ వేరియబుల్ ఫిల్టరు. ఏ పాయింటు దగ్గర ఎన్ని ఓల్టులు ఉండాలో బోర్డు మీదే అచ్చు వేయిస్తే మల్టీమీటరు పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఏది పోయిందో కనుక్కోగలరు. టీవీలు బాగుచేసిన చేతులు ఇంకా ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, ఇప్పుడు ఫోన్ స్క్రీన్లు మారుస్తున్నాయి అంతే. పికో కూడా సాకెట్టులోనే. అది పోతే బాగుచెయ్యలేం, మార్చేస్తాం. బాగుచెయ్యగలిగినంత మేర అనలాగ్, మార్చెయ్యాల్సినంత మేర డిజిటల్. ఎండ గీసిన గీత మీదే ఇది కూడా వచ్చి కూచోవడం నా అదృష్టం.

మనలో సగంమంది ఈసీఈ చదివినవాళ్ళమే. మూడో సంవత్సరం ల్యాబులో 566తో వీసీఓ, 565తో పీఎల్ఎల్ చేశాం. చేశామంటే, సీనియరు రికార్డులోంచి గ్రాఫు ఎక్కించాం. ఆ వీసీఓ దేనికి అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. దానికి స్పీకరు తగిలిస్తే పాడుతుందని ఆ ల్యాబులో ఒక్కరు చెప్పినా మాలో కొందరి దారి మారేదేమో. క్యాంపస్ వచ్చింది, జావా వచ్చింది, సరే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో ఉండేది ఇక్కడ పనిచెయ్యదు. ప్లస్ మైనస్ 12 ఓల్టులు కావాలంటే 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, 7812, 7912 అని ఏ సర్క్యూట్లో చూసినా ఉంటుంది. 230 ఓల్టులున్నచోట అది సరే. వేసవి సాయంత్రం, మోటార్లన్నీ నడిచేవేళ లైను 180కి పడిందనుకోండి. పన్నెండు ఓల్టుల వైండింగు శిఖరం పదమూడు చిల్లరకి వస్తుంది, డయోడు తినగా పన్నెండున్నర. 7812 సరిగ్గా నిలబడాలంటే పద్నాలుగైనా ఉండాలి. ఇక మెయిన్స్ హమ్ నేరుగా షడ్జంలోకి దిగుతుంది. 15-0-15 వేస్తే అదే 180 దగ్గర కూడా దాదాపు పదహారు మిగులుతుంది. మామూలు రోజుల్లో రెగ్యులేటరు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, హీట్‌సింక్ పెద్దది పెట్టుకోవాలి. సన్నటి అడాప్టరులోంచి అన్నీ పుట్టించే స్విచింగ్ కన్వర్టర్లు ఉన్నాయి గానీ, వాటి కీచుమనే రొద ఆడియోలోంచి తీసెయ్యడం ఇంకో ప్రాజెక్టు.

ఇంకా తేలనిది వేలి కింద ఏముండాలన్నది. హార్మోనియం మెట్లు పెడితే పెద్దాయన చేతికి అలవాటైనవి, కానీ గమకం రాదు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్ని ఒంటి తీగలకి మార్చి, ఐదో తీగ కలిపి, పికప్ పెట్టి గమకాలు పలికించాడు. వాయిద్యం సంగీతానికి లొంగాలి తప్ప సంగీతం వాయిద్యానికి కాదని ఆయనకి వేరే చెప్పక్కర్లేకపోయింది. 1983 నాటి మిడి ప్రమాణం పియానో వాయించేవాళ్ళ మనసులోంచి వచ్చింది. అందులో స్వరమంటే ఒక అంకె, ఊపు అంటే ఛానెల్ మొత్తానికీ కలిపి ఒక చక్రం. నా మాడ్యూలు లోపల మిడి లేదు, స్వరం సెంట్లలోనే నడుస్తుంది కాబట్టి ఏ సెన్సరు తగిలించినా ఫరవాలేదు. ప్రస్తుతానికి మెట్లు, వాటి పక్కన ఎడమచేతికి ఒక ఒత్తిడి పట్టీ అనుకుంటున్నాను. పట్టీ నొక్కితే స్వరం రెండు మెట్ల దాకా జారుతుంది. వీణ మీద తీగ పక్కకి లాగినట్టు ఉంటుందా అంటే ఉండదు. వాయించేవాళ్ళు వాయించి చెప్పాలి.

పెట్టె మాత్రం చెక్కదే. రేకు పెట్టె ఎండలో పెనంలా అవుతుంది, పైగా గాలికి రంధ్రాలు పెడితే బల్లులు దూరతాయి, సన్నటి జాలీ వెయ్యాలి. మూత లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అంటిస్తున్నాను, పాత వాల్వు రేడియోల్లో వెనక అట్ట మీద ఉండేది చూడండి, అలాగ. తెలుగులో. దాని కింద పికో మార్చేవాళ్ళకి నాలుగు లైన్లు: తెల్ల బటను నొక్కిపట్టి కంప్యూటరుకి తగిలించండి, పెన్‌డ్రైవులా కనపడుతుంది, ఈ సంచిలో ఉన్న కార్డులోంచి ఫైలు అందులో వెయ్యండి, తీసి సాకెట్టులో పెట్టండి. గాంధారం మళ్ళీ తిప్పుకోనక్కర్లేదు, బిరడాలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.